బిడ్డను దించే చోటు

చంటిబిడ్డతో బెంగళూరు లాల్‌బాగ్ తోటకు పోవాలనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. జనవరి 26కూ, ఆగస్టు 15కూ అక్కడ పెట్టే పూల ప్రదర్శన రోజుల్లో పోవద్దు. అద్దాల మేడ నిండా పూలు పేర్చి ఏటా ఒక కొత్త అలంకారం చేస్తారు, చూడదగ్గదే. కానీ ఆ రోజుల్లో బిడ్డను భుజానేసుకుని జనంలో ముందుకు జరగడంతోనే పొద్దు గడిచిపోతుంది. చెట్టు కింద కూర్చునే సందు దొరకదు. ఆ సందడి అణిగాక, ఫిబ్రవరిలో, ఆదివారం కాని రోజు చూసుకుని పోవాలి. అప్పటికి ఎండ ఇంకా ముదరదు. పొద్దున గాలిలో కాస్త చలి మిగిలి ఉంటుంది. పచ్చిక ఖాళీగా ఉంటుంది.

మాది హిందూపురం. పెద్దాసుపత్రికైనా, పిల్లల ఉద్యోగాలకైనా, విమానం ఎక్కాలన్నా మాకు బెంగళూరే దిక్కు. పొద్దున్నే రైలెక్కితే గౌరీబిదనూరు, దొడ్డబళ్లాపురం, యలహంక దాటుకుంటూ పోయి మెజెస్టిక్‌లో దిగుతాం. ఎప్పుడు పోయినా పని మీద పోవడమే, పని కాగానే తిరుగు రైలు పట్టుకోవడమే. ఈసారి పని మా పాపది. దానికి ఎనిమిదో నెల నడుస్తోంది. కూర్చుంటుంది, బోర్లా పడి ముందుకు పాకాలని చూస్తుంది. కానీ దాని ఒంటికి తెలిసినవల్లా మా భుజాలు, పరుపు, టైల్స్ పరిచిన గచ్చు. మేముండేది రెండో అంతస్తులో. కింద వాకిలి కూడా సిమెంటే. "బిడ్డ కాలికి ఇంకా మన్ను అంటనే లేదు కదమ్మా" అని మా అత్తమ్మ పల్లె నుంచి వచ్చినప్పుడల్లా అంటుంది. ఆమెది లేపాక్షి పక్క ఊరు. ఆమె పిల్లలు కళ్లంలో, వేరుశనగ కుప్పల పక్కన పాకి పెరిగినవాళ్లు. ఆ మాటలో నింద లేదు, దిగులుంది. ఆ దిగులు నాకూ పట్టుకుంది.

మా ఆయన స్ట్రోలర్ మడిచి పెట్టుకున్నాడు. అత్తమ్మ తన పాత నేత చీర ఒకటి బ్యాగులో పెట్టింది. రోజు గడిచేసరికి ఆ చీరే ఎక్కువ అక్కరకొచ్చింది. పరుపైంది, ఎండకు అడ్డమైంది, పాలిచ్చేటప్పుడు తెరైంది.

మెజెస్టిక్ నుంచి ఆకుపచ్చ లైను మెట్రో ఎక్కితే చిక్‌పేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజీ, ఆ తర్వాతిదే లాల్‌బాగ్. స్టేషన్‌కు దగ్గర్లోనే తోట పడమటి గేటు. లోపలికి పోగానే రోడ్డు చప్పుడు ఒక్కసారిగా ఆగిపోదు. పది చెట్లు దాటాక పల్చబడుతుంది, ఇంకో పది దాటాక పిట్టల కూత పైకొస్తుంది. అప్పటిదాకా హారన్ మోగిన ప్రతిసారీ ఉలిక్కిపడి నా భుజం పట్టుకుంటున్న పాప చెయ్యి అక్కడికి వచ్చేసరికి వదులైంది.

ఈ తోట మొదలుపెట్టింది హైదర్ అలీ, 1760లో. మా మడకశిర దాటి పోతే వచ్చే సిరాలో మొగలుల సుబేదారు దిలావర్ ఖాన్ వేయించిన తోట ఒకటి ఉండేది. దాన్ని చూశాకే హైదర్‌కు ఈ ఆలోచన పుట్టిందంటారు. సిరా పేరు వినగానే అత్తమ్మ ఆగిపోయింది. ఆమె చుట్టాలున్న ఊరది. "మన పక్కనుంచి వచ్చిన తోటేనా ఇది?" అంది, ఇక అప్పట్నుంచి సొంత తోటలో నడిచినట్టు నడిచింది. 40 ఎకరాలతో మొదలైన తోటకు టిప్పు సుల్తాన్ దూర దేశాల నుంచి విత్తనాలు, మొక్కలు తెప్పించాడు. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక చేతులు మారుతూ వచ్చి, 1856లో ప్రభుత్వ వృక్షోద్యానమైంది. ఇప్పుడు 240 ఎకరాలు. ఒకప్పుడు రాజకుటుంబం విహారానికి వేసిన నేల మీద ఇవాళ టికెట్టు కొన్న ఏ తల్లైనా బిడ్డను పడుకోబెట్టుకోవచ్చు. లాల్‌బాగ్ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే పెద్ద సంగతి ఇదే.

అత్తమ్మ కళ్లు పడింది ఒక కొమ్మ మీద. అడ్డంగా సాగి, చేతికందే ఎత్తులో ఉంది. "ఈడ ఉయ్యాల కడితే బిడ్డ సల్లగా పండుకుంటాది" అని చీర బయటికి తీసింది. కాస్త దూరంలో ఆకులు ఊడుస్తున్న పనామె చీపురు పట్టుకునే వచ్చింది. కన్నడంలో మొదలుపెట్టి, మా మాట విని తెలుగులోకి మారింది. "కొమ్మకు కట్టగూడదమ్మా. బెరడు కోసుకపోతాది. ఒకరు కడితే అందరూ కడతారు." గద్దింపు లేదు, నవ్వుతూనే చెప్పింది. తర్వాత తనే చోటు చూపించింది. "ఆ కానుగ కింద పరుసుకోండి. పొద్దునే ఊడ్సినా, చీమల్లేవు. అటుపక్క నీళ్లు పట్టినారు, తడి." ఏ ఊరని అత్తమ్మ అడిగితే చింతామణి అంది. ఇంకేముంది, ఇద్దరూ వానల గురించి, ఈ ఏడు చింతకాయ కాపు గురించి మాట్లాడుకుంటూ నిలబడిపోయారు.

తోట అనగానే వేయించినవాళ్ల పేర్లు చెప్పుకుంటాం. కానీ బెంగళూరు తోటల వెనక తిగళ కులస్తుల చెమట ఎంతో ఉంది. పూలు, కూరగాయలు పండించడంలో తరతరాలుగా చెయ్యి తిరిగినవాళ్లు. చైత్ర పున్నమికి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ ఉత్సవం నడిపేది వాళ్లే. లాల్‌బాగ్‌ను రోజూ ఊడ్చి, నీళ్లు పట్టి, ఏ చెట్టు కింద చీమలున్నాయో ఎరిగిన మనుషుల వల్లే ఆ రోజు నా బిడ్డ నేల మీద కూర్చోగలిగింది.

చీర పరిచాం. మా ఆయన పాపను చంకల కింద పట్టుకుని పక్కనే గరిక మీద నిలబెట్టబోయాడు. పాదం తగిలీ తగలకముందే రెండు కాళ్లూ పైకి ముడిచేసుకుంది. మళ్లీ దించాడు, మళ్లీ ముడిచింది. మోకాళ్లు కడుపుకు ఆనించి గాల్లోనే కూర్చుంది. "ఒరే, అట్ల కాదులే, ఇట్ల తే" అని అత్తమ్మ తీసుకుంది. తను ముందు కాళ్లు చాపి నేల మీద కూర్చుని, బిడ్డను పిక్కల మీద పెట్టుకుంది. ఇంట్లో రోజూ నీళ్లు పోసేటప్పుడు పెట్టుకునే తీరే కాబట్టి పాప కుదురుగా కూర్చుంది. కాసేపు ఆగి, రెండు కాళ్ల మధ్యనుంచి మెల్లగా నేలకు జారనిచ్చింది. ఈసారి ముడుచుకోలేదు. ఒక కాలి బొటనవేలు గరికలోకి దూరింది. దాన్నే చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాపింది. గరిక పోచ వేళ్ల సందులోకి రాగానే వెనక్కి లాక్కుని, అరచేయి తిప్పి చూసుకుంది. ఏమీ కాలేదని తెలిశాక గుప్పెట నిండా పట్టుకుంది.

కానుగ ఆ నెలల్లోనే ఆకు రాలుస్తుంది. ఎండాకు ఒకటి దొరికింది పాపకు. నలిపింది, గలగలమంది. తలెత్తి మా ముగ్గురినీ వరసగా చూసింది. ఇంట్లో దాని బొమ్మలు ఎన్నిసార్లు నొక్కినా ఒకే కూత కూస్తాయి. ఆకు అలా కాదు. రెండోసారి నలిపితే ముక్కలైంది, చప్పుడు మారింది, మూడోసారికి పొడై జారిపోయింది. ఇంకో ఆకు కోసం ముందుకు వంగింది, బోర్లా పడింది, పడ్డచోటే ఇంకోటి దొరికింది. నోట్లో పెట్టుకోకుండా చూడటం తప్ప నాకు వేరే పని లేదు. ఒక ఈనె దాని పెదవి దాకా పోయింది కూడా. అత్తమ్మ చూపుడు వేలితో తీసేసింది. పాదం అడుగున అంటిన ఎర్రమన్ను నేను తుడవబోతే, "ఉండనీమ్మా, పోయేటప్పుడు తుడుద్దువులే" అంది.

పదింటికి ఆకలేసింది పాపకు. ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చుకున్నాం, స్టీలు గిన్నెలో రాగి జావ కలిపాను. ఆ పైన పాలు. చంటిబిడ్డతో పెద్ద ఊళ్లో తిరిగే తల్లికి అన్నిటికంటే కష్టమైన పని పాలిచ్చే చోటు వెతుక్కోవడం. బస్టాండులో గోడవైపు తిరిగి, హోటల్లో మూల బల్ల ఎంచుకుని, కారులో అద్దాలెత్తుకుని ఇస్తాం. ఇక్కడ చెట్టుకు వీపు ఆనించి కూర్చున్నాను. అత్తమ్మ చీర చెంగు ఒకవైపు అడ్డం పట్టుకుంది. నడకకు వచ్చిన పెద్దామె ఒకరు మమ్మల్ని దాటిపోయి, వెనక్కి తిరిగి ఎన్ని నెలలని అడిగి, పాప పాదం తాకి పోయింది. తొందరపెట్టే మనిషి లేడు, లేవమనే మనిషి లేడు. పాప తాగుతూ తాగుతూ నిద్రపోయింది.

బిడ్డ నిద్రపోతుంటే తల్లికి ఆలోచించడానికి తీరిక. మా హిందూపురానికి 240 ఎకరాలు అక్కర్లేదు. ఏ ఊరికీ అక్కర్లేదు. ప్రతి నాలుగు వీధులకూ కానుగ చెట్లో వేపచెట్లో నాలుగు, వాటికింద గాజుపెంకులు లేని నేల, రోజూ ఊడ్చే మనిషి, ఆ మనిషికి నెలనెలా సరిగ్గా అందే జీతం. ఇంతే కావాలి. మన ఊళ్లలో పార్కు అనగానే ముందు ఫౌంటెన్ కడతారు, చుట్టూ బండలు పరుస్తారు, సిమెంటు జింకలు నిలబెడతారు. నేల మాత్రం మిగల్చరు. పాకే వయసు పిల్లలకు జారుడుబల్లా వద్దు, ఊగే గుర్రమూ వద్దు. మోకాలు ఆనించడానికి మెత్తటి మన్ను ఉంటే చాలు. నడిచే వయసు వచ్చేలోపు ఆ మన్ను దొరకని పిల్లలు మన తెలుగు పట్టణాల్లో కూడా ఏటేటా ఎక్కువవుతున్నారు. దీన్ని చిన్న విషయమని నేను అనుకోలేను.

పాప లేచాక తోట చూడటం మొదలుపెట్టాం. అద్దాల మేడ ముందు మా ఆయన చాలాసేపు నిలబడ్డాడు. లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌ను మనసులో పెట్టుకుని కట్టిన కట్టడం. 1889లో విక్టోరియా రాణి మనవడు ఆల్బర్ట్ విక్టర్ శంకుస్థాపన చేశాడు. పోత ఇనుప స్తంభాలు గ్లాస్గోలో తయారై ఓడెక్కి వచ్చాయి. పూల ప్రదర్శన లేని రోజున అది ఖాళీగా, వెలుతురు నింపుకుని ఉంటుంది. పాప దృష్టి మాత్రం మేడ మీద లేదు. దాని ముందు గడ్డిలో దిగిన పావురాల మీద ఉంది.

దారి పొడవునా గులాబీ రంగు తబెబుయా పూలు రాలి ఉన్నాయి. ఈ పూత వెనక ఒక మనిషి ఆలోచన ఉంది. గుస్టావ్ క్రుంబీగల్ అనే జర్మన్ తోటమాలి లండన్ క్యూ ఉద్యానంలో పని చేసి, 1893లో బరోడా సంస్థానానికి వచ్చి, 1908లో మైసూరు సంస్థానం కొలువులో చేరి లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్నాడు. ఒక జాతి చెట్ల పూత అయిపోయేసరికి ఇంకో జాతి పూతకు వచ్చేలా వీధుల వెంట చెట్లు ఎంచి నాటించాలన్నది ఆయన పద్ధతి. ఏ నెలలో వచ్చినా ఊళ్లో ఎక్కడో ఒకచోట ఏదో ఒక చెట్టు నిండుగా పూసి ఉండాలి. 1956లో చనిపోయేదాకా ఈ దేశంలోనే ఉన్నాడు, బెంగళూరులోనే కన్ను మూశాడు. తోట పక్క వీధికి ఆయన పేరే. రాలిన పువ్వొకటి తీసి పాప ముందు పట్టుకుంటే, ఆకును నలిపినట్టే నలిపింది. దాంట్లోంచి చప్పుడు రాలేదు. అరచేతికి అంటిన తడిని మాత్రం చాలాసేపు చూసుకుంది.

తెల్ల బూరుగు చెట్టు దగ్గర అత్తమ్మే మాకు గురువు. రెండు వందల ఏళ్లు దాటిందంటారు దాని వయసు. మాను మొదట్లో వేళ్లు గోడల్లా లేచి నిలబడ్డాయి. ఇద్దరు మనుషులు ఒకదాని చాటున కూర్చుంటే ఇవతలివాళ్లకు కనిపించరు. ఇంత బరువైన చెట్టు మెత్తటి నేలలో పడిపోకుండా నిలబడేది ఆ వేరు గోడల బలంతోనే. "కాయ పగిలితే దూది ఎగిరిపోతాది. పగలకముందే కొట్టుకోవాల" అని అత్తమ్మ కొమ్మల్లోకి చూసింది. వాళ్ల అమ్మ బూరుగు దూది నింపి దిండ్లు కుట్టేదట. పాపకు తల గుండ్రంగా కుదరాలని ఆవాల దిండు కుట్టింది అత్తమ్మే. ఆ చెట్టు నీడలో దిండ్ల గురించి చెప్పినంతసేపు చెప్పింది. బోర్డు మీద శాస్త్రీయ నామం నేను చదివి వినిపిస్తే "సరేలే" అంది.

చెరువు గట్టున ఎక్కువసేపు ఉండలేదు. మధ్యాహ్నం ఎండకు పాప చిరాకు పడింది. నీడలో మళ్లీ పడుకోబెట్టి, మేమూ తెచ్చుకున్న చపాతీలు తిని, పొద్దు వాలాక తోటలోని పెద్ద బండ ఎక్కాం.

లాల్‌బాగ్‌లో నన్ను అన్నిటికంటే కదిలించేది ఈ బండే. 1891లో తోటలో కలిసింది. పైన కెంపేగౌడ పేరిట ఉన్న చిన్న గోపురం. భూగర్భ శాస్త్రవేత్తలకు ఇది పుణ్యక్షేత్రం. మైసూరు సంస్థానం భూగర్భ శాఖలో పని చేసిన స్మీత్ 1916లో ఈ రాతికి పెనిన్సులర్ నైస్ అని పేరు పెట్టాడు. దీని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూగర్భ స్మారకంగా ప్రకటించింది. అత్తమ్మ చెప్పులు విడిచి రెండడుగులు వేసి, "ఇది మనూరి బండే కదమ్మా. రాగులు ఆరబోసుకోవచ్చు" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. దక్షిణాది నేల అడుగున పరచుకుని ఉన్న పాత రాతి పునాది ఇక్కడ బయటపడింది. మా వైపు పొలాల కిందా ఆ పునాదే.

పగలంతా ఎండ తాగిన రాయి సాయంత్రానికి గోరువెచ్చగా ఉంది. పాపను దాని మీద కూర్చోబెట్టాను. గరికను చూసి ముడుచుకున్న కాళ్లు ఈసారి చాచే ఉన్నాయి. అరచేత్తో రాతిని కొట్టింది. మళ్లీ కొట్టింది. పెద్ద చప్పుడేమీ రాలేదు, అయినా మానలేదు. ఒక ఇసుక పలుకు అంటుకుంటే నేరుగా నోటికి పోయింది చెయ్యి, మా ఆయన పట్టుకున్నాడు. చుట్టూ కాలేజీ పిల్లలు, ఫోటోలు దిగుతున్న కొత్త దంపతులు, పల్లీలు తింటున్న ముసలాయన, దూరంగా ఊరంతా పరచుకున్న మేడలు. ఎవరి బిడ్డ, ఏ ఊరి బిడ్డ అని అడగకుండా అందరూ దారి వదిలి కాళ్లు తీసుకున్నారు పాప కోసం. కోటి దాటిన జనం ఉన్న ఊళ్లో కొలతకూ వెలకూ అందని ఇంత చోటు ఇన్నాళ్లు నిలిచిందంటే, ప్రతి తరంలోనూ దీన్ని కాపాడాలని పట్టుబట్టిన మనుషులు ఉండబట్టే. ఇకమీదటా ఉండాలి.

పెద్ద గేటు నుంచి బయటికొస్తే 1924 నాటి మావళ్లి టిఫిన్ రూమ్స్ దగ్గరే. రెండో ప్రపంచ యుద్ధంలో బియ్యానికి కరువొచ్చినప్పుడు రవ్వతో ఇడ్లీ చేసింది వీళ్లేనంటారు. వేడి వేడి రవ్వ ఇడ్లీ లోపలి మెత్తటి ముద్ద చిటికెడు పాపకు పెడితే, చప్పరించి ఇంకా అని నోరు తెరిచింది.

అక్కడినుంచి ఆటోలో కె.ఆర్. మార్కెట్‌కు పోయాం, ఎటూ మెట్రో అక్కడా దొరుకుతుంది కదా అని. కూరగాయల వరసలో బెంగళూరు వంకాయలు లేతగా, ముళ్లు లేకుండా ఉన్నాయి. మెక్సికో వైపు పుట్టిన ఈ తీగను ఇక్కడికి తెచ్చి పెంచింది, 1874 నుంచి లాల్‌బాగ్‌ను చూసుకున్న జాన్ కామెరాన్ అని చెబుతారని మా ఆయన అన్నాడు. అత్తమ్మ కాయను అటూ ఇటూ తిప్పి గోటితో గిచ్చి చూసింది. "అయితే ఇదీ ఆ తోటదేనా? రెండు కేజీలు ఎయ్యమను" అంది. రైల్లో యలహంక దాటేదాకా పాప ఆమె ఒళ్లోనే ఉంది. కాయల సంచి నా కాళ్ల దగ్గర.

"రేపు పెసరపప్పులో ఉడకబెడతా. ఉప్పు, కారం ఎయ్యకముందే బిడ్డకు రెండు ముక్కలు తీసి మెదుపుతా, మిగిలిందానికి తాలింపు పెడతా. నీకు పచ్చిమిరపకాయలు ఎన్నెయ్యాలో చెప్పు" అని అడిగింది నన్ను.